మేనత్త అడిగిన చదువు

లూపే స్కూలు గౌను మెలెనైటే ఒంటి మీద ఉంది.

ఉంది అనకూడదు, ఇరుక్కుంది అనాలి. చంకల దగ్గర పట్టేసి పిల్ల చేతులు రెండూ దిష్టిబొమ్మ చేతుల్లా పక్కలకి నిలబడిపోయాయి. వీపు మీద బొత్తాలూ కాజాలూ ఒకదాన్నొకటి దూరం నుంచి చూసుకుంటున్నాయి.

"ఊపిరి బిగబట్టవే," అంది ఫుసిపాల, కూతురి వెనక నిలబడి.

"బిగబట్టే ఉన్నానమ్మా."

"ఇంకాస్త."

"ఇంకాస్త బిగబడితే పిల్లని బడికి కాదు, చర్చి వెనక సమాధుల దొడ్లోకి మోసుకెళ్ళాలి వదినా," అన్నాను నేను గుమ్మంలోంచి.

ఎవరూ నవ్వలేదు. నా మాటకి ఆ ఇంట్లో పిల్లులు కూడా నవ్వుతాయి, అలాంటిది ఎవరూ నవ్వలేదు.

నా చేతిలో చేపల గుత్తి ఉంది. అందులో పెద్ద చేప ఈ ఇంటికి కాదు, రేవు దగ్గర బన్నులమ్మే తెలేసియాకి. నా చేపలు ఒక సముద్రమంత మింగాక, ఈ ఆదివారం చర్చి నుంచి ఇంటిదాకా తన పక్కన నడవచ్చని ఆవిడ సెలవిచ్చింది. ఆ హుషారులో మా చెల్లెలి ఇంటికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయాను.

చెల్లెలు సేలా నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కత్తెర. మూల చాప మీద నా మేనకోడలు లూపే, తన గౌను వేరే పిల్ల ఒంటి మీద ఉండటం చూస్తూ.

"కుట్లు విప్పు సేలా," అంది ఫుసిపాల. "లోపలికి మడిచిన గుడ్డ ఉంది. విప్పితే సరిపోద్ది."

సేలా కత్తెర తియ్యలేదు. "విప్పితే మళ్ళీ లూపేకి వదులైపోద్ది వదినా."

"లూపేకి ఇంకెందుకది?"

బయట మా బావ సెమీసీ కొబ్బరికాయలు ఒలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఫుసిపాల ఆయనకి అక్క; అక్క లోపలుంటే తమ్ముడు లోపలికి రాడు, అది మా పద్ధతి. అందుకని పోయిన వారం నుంచీ ఆయన వంటపాకలోనే తిని, వంటపాకలోనే పడుకుని, ఊరందరి కొబ్బరికాయలూ ఒలిచేస్తున్నాడు.

పోయిన వారం ఫుసిపాల కూతుర్ని వెంటేసుకుని పడవ దిగి, కాళ్ళు కడుక్కోకుండానే అంది: "మీ పిల్ల చదువు నా కూతురికి కావాలి."

సెమీసీ తల వంచాడు. అంతే, అయిపోయింది. మా టోంగా దీవుల్లో ఇంటి ఆడపడుచు అడిగితే పందినిస్తాం, చాపనిస్తాం, అవసరమైతే ఒళ్ళో పిల్లనిస్తాం. చదువు ఇవ్వకూడదని మాకెవరూ చెప్పలేదు. ఇదివరకు ఎవరింట్లోనూ ఇవ్వడానికి చదువు ఉండేది కాదు మరి.

"డోరీన్ అమ్మగారు ఒప్పుకోలేదని పాస్టరుగారు చెప్పారుగా వదినా," అంది సేలా, కత్తెరకేసి చూస్తూ. "మొదలెట్టిన పిల్లనే చివరిదాకా చదివిస్తాం, ఆ పిల్ల మానేస్తే ఇంకో దీవిలో ఇంకో పిల్లని చూసుకుంటాం అందట. లూపే వెళ్ళకపోతే మెలెనైటే కూడా వెళ్ళదు."

"ఫోన్లో అలాగే అంటారు. తెల్లవాళ్ళు ఫోన్లో ఒకలాగుంటారు, భోజనం దగ్గర ఒకలాగుంటారు. రేపు వస్తందిగా, పంది మాంసం తిన్నాక నేను మాట్లాడతా."

"ఏ భాషలో?" అన్నాను.

"పంది మాంసం భాషలో. నువ్వు నోర్ముయ్ మాకా."

ఈ డోరీన్ అనే ఆవిడది ఆస్ట్రేలియాలో గొర్రెలు ఎక్కువా మనుషులు తక్కువా ఉన్న ఒక ఊరు. అక్కడి చర్చి ముసలమ్మలు కేకులూ జాములూ చేసి అమ్మి, ఆ డబ్బుతో మా లూపేని రాజధానిలో హాస్టల్లో పెట్టి చదివిస్తున్నారు. లూపే లెక్కల పుస్తకం తెరిస్తే నాకు వెన్న వాసన వస్తుంది, ఒట్టు. రేపు మధ్యాహ్నం డోరీన్ మా ఊరొచ్చి, భోంచేసి, ఎల్లుండి ఓడలో పిల్లని స్వయంగా తీసుకెళ్ళి హాస్టల్లో దింపుతుంది. ఏ పిల్లని అన్నదే ఇప్పుడు గొడవ.

"మాకా," అంది ఫుసిపాల. "మీ బావనడుగు. ఇచ్చాడా, లేదా?"

నేను కిటికీలోంచి తల బయట పెట్టాను. "బావా, ఇచ్చావా?"

"ఇచ్చాను."

"ఇచ్చాడట."

"మనస్ఫూర్తిగా ఇచ్చాడేమో అడుగు."

"బావా, మనస్ఫూర్తిగానేనా?"

సెమీసీ ఒక కాయని గునపం మొన మీద దించాడు. పీచు చరచర చీలింది. "కొబ్బరికాయలు ఒలుస్తూ ఇచ్చానని చెప్పు."

నేను తల లోపలికి తీసుకున్నాను. "మనస్ఫూర్తిగానేనట."

ఫుసిపాల అంత తెలివితక్కువది కాదు. ఆవిడ మొహం ఒక్కసారి ముడుచుకుంది. వచ్చి సేలా ఎదురుగా కూలబడింది.

"నా కళ్ళు చూడు సేలా. ఇటు చూడు. నీ మొహం నాకు మబ్బులా ఉంది. మీ మామగారిని పూడ్చినప్పుడు కప్పిన చాప నేనల్లిందే. లూపే పుట్టినప్పుడు చుట్టిన చాప నేనల్లిందే. ఈ ఇంటి పెళ్ళికీ చావుకీ నా చూపంతా చాపల్లోకి పోసేశాను. నేనేమైనా అడిగానా ఇన్నాళ్ళూ? ఒక్కటడిగాను. నా కూతురు చూపు కూడా చాపల్లోనే పోవాలా?"

"నా కూతురిది పోవచ్చా?" అంది సేలా.

మా చెల్లెలు పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఆడపడుచుకి ఎదురు చెప్పిన మొదటి మాట అది. బయట కొబ్బరికాయల చప్పుడు ఆగిపోయింది. ఫుసిపాల సేలా ఒళ్ళోంచి కత్తెర తనే తీసుకుని, గౌను చంక దగ్గర తడిమి తడిమి, ఒక కుట్టు తెంపింది.

లూపే లేచి వెళ్ళిపోయింది.

మెలెనైటే ఆ దిష్టిబొమ్మ చేతులతోనే నా కేసి చూసి, తల్లికి వినపడకుండా అంది: "నాకూ చదువుకోవాలనుంది బాబాయ్. కానీ ఈ గౌన్లో కాదు."

*

వంటపాకలో నేను చేపల పొలుసు తీస్తుంటే సేలా వచ్చి, నాకు వీపు పెట్టి నిలబడింది.

మేమలాగే మాట్లాడుకుంటాం. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అన్నాచెల్లెళ్ళం ఒకరి మొహం ఒకరు తిన్నగా చూసుకోం, పక్కన కూర్చుని నవ్వుకోం. చెల్లెలితో మర్యాద అంతవరకే, అక్కయితే ఆవిడున్న గదిలోకే రాకూడదు. నాకు మా చెల్లెలి గొంతు తెలుసు, వీపు తెలుసు, నడిచొచ్చే చప్పుడు తెలుసు.

"అన్నయ్యా, ఫుసిపాల వదినకి పైన ఎవరూ లేరా?"

"దేవుడున్నాడు."

"ఆయన పడవెక్కి రాడు. కలోలైని అత్తయ్య వస్తుంది."

మూల కూర్చుని ఒలుస్తున్న సెమీసీ చేతిలో కొబ్బరికాయ జారి పొయ్యి దాకా దొర్లింది. "ఆవిడా!"

"ఆవిడే. నీకూ మీ అక్కకీ మేనత్త. మీ నాన్న తోడబుట్టింది. మీ అక్క నిన్ను అడగొచ్చు, ఆవిడ మీ అక్కని అడగొచ్చు. ఆవిడ కింద పెట్టమంటే వదిన పెట్టాల్సిందే."

"ఆవిడ ఈ ఒడ్డు తొక్కనంది కదే!"

నిజమే. సెమీసీ తండ్రి పోయినప్పుడు శవం తల దగ్గర కూర్చునే పెద్ద స్థానం ఆవిడదే. వంశపారంపర్యంగా వచ్చిన పెద్ద చాప ఆవిడకి దక్కాలి. ఫుసిపాల ఆ చాపని దాచేసి, కొత్తదొకటి చిన్నది చేతిలో పెట్టింది. ముసలావిడ ఒక్క మాటనలేదు. ఆ చిన్న చాపని చక్కగా చుట్టి, గుమ్మం పక్కన ఆనించి, పడవెక్కి తన దీవికి వెళ్ళిపోయింది. తిట్టి పోయినా బాగుండేది. తిట్టుకైతే మందుంది.

"మా అక్కకి నేను ఎదురెళ్ళినట్టు అవుతుంది సేలా," అన్నాడు సెమీసీ గొంతు తగ్గించి.

"నువ్వెళ్ళక్కర్లా. నువ్వు కొబ్బరికాయలు ఒలుచుకో." సేలా పొయ్యి దగ్గరి కాయని ఆయన వైపు దొర్లించింది. "అన్నయ్య వెళ్తాడు. నా పెళ్ళి చాప పట్టుకెళ్తాడు."

"నేనా?" అన్నాను. చేప నా చేతిలోంచి జారింది.

నన్ను పిరికివాడనుకోకండి. తుఫానులో చేపలు పట్టినవాణ్ణి. కానీ కలోలైని సంగతి వేరు. ఆవిడ దీవి పక్కన ఒకసారి తిమింగలం పాడుతుంటే "నిద్రపోనివ్వవా!" అని కేకేసిందట. ఆ ఏడు తిమింగలాలన్నీ తమ పిల్లలకి పాటలు సైగలతోనే నేర్పుకున్నాయి.

"రేపు మధ్యాహ్నంలోగా తీసుకురావాలి," అంది వీపు. "లేకపోతే నా పిల్ల ఇక్కడే ఆగిపోద్ది అన్నయ్యా. నాలాగా."

నేను చెయ్యి కడుక్కుని, పెద్దల దగ్గరికెళ్ళే మా పద్ధతిలో సేలా పెళ్ళి చాప నడుముకి చుట్టుకుని, తెలేసియా చేపని పొయ్యి పైన ఉట్టిలో పెట్టి బయల్దేరాను. పిల్లి ఆ ఉట్టికేసి చూస్తూనే ఉంది.

*

పడవ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. అలలు కొబ్బరిచెట్లంత ఉన్నాయి. ఒక అల మీద నేనూ, పక్క అల మీద ఒక సొరచేపా వెళ్తుంటే, ఈ గాలిలో ఎక్కడికిరా అన్నట్టు చూసింది. కలోలైని ఇంటికని చెప్పాను. జాలిపడి నన్ను తినకుండా వెళ్ళిపోయింది.

ముసలావిడ ఇసకలో కూర్చుని, నిప్పుల మీద పనసకాయ లాంటి రొట్టెపండు కాలుస్తోంది. ఆవిడా, వాననీళ్ళ తొట్టీ, కట్టేసిన ఆవూ తప్ప ఆ దీవిలో ఎవరూ లేరు. నేను దూరంగానే మోకాళ్ళ మీద కూర్చుని, చాపని ముందు పరిచాను.

"ఎవరు చచ్చారు?" అంది తలెత్తకుండా.

"ఎవరూ చావలేదు పెద్దమ్మగారూ."

"మరి చాపెందుకు?"

"చావకముందే క్షమాపణ అడగడానికి."

"చాప దాచింది ఫుసిపాల. ఇది సేలా చాప. సేలా నాకేం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే ఆవిడ అడుగుతోంది. చేసినవాళ్ళకి అడగడం రాదుగా."

ముసలావిడ అప్పుడు తలెత్తింది. కళ్ళు రెండూ చీకట్లో పీత కళ్ళలా ఉన్నాయి. "నోరు బానే తిరుగుద్దిరా నీకు. ఇటు రా, ఈ పండు తిప్పు. నాకు వేళ్ళు కాలుతున్నాయి."

తిప్పాను. తిప్పుతూ సంగతంతా చెప్పాను, కేకులమ్మే ముసలమ్మల దగ్గర్నుంచి చంక దగ్గర తెగిన కుట్టు దాకా. మధ్యలో సొరచేప సంగతి కూడా చెప్పాను.

"ఫుసిపాల అడగడంలో తప్పు లేదు," అంది చివరికి. "దాని హక్కది."

"అవును. ఆవిణ్ణి అడిగే హక్కు మీది."

కలోలైని లేచి, బకెట్టు తీసుకుని తొట్టి దగ్గరికి నడిచింది. నడక కాదది, ఒక మోకాలు రెండో మోకాలిని బతిమాలుకోవడం. తిరిగొచ్చేసరికి బకెట్లో సగం నీళ్ళు ఇసక తాగేసింది. నేను వెళ్ళి అందుకోబోతే చేత్తో తోసేసింది.

"మనవడు పళ్ళు కోసే పనికని ఆస్ట్రేలియా పోయాడు. అప్పట్నుంచీ ఈ బకెట్టూ నేనూ. ఇది బరువెక్కుతోందా, నేను తేలికవుతున్నానా తెలీట్లేదు." రొట్టెపండు తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది. "మాడకుండా కాల్చావే. ఎవరు నేర్పారు?"

"పెళ్ళాం లేకపోవడం నేర్పింది."

ఆవిడ గొంతులో ఏదో చప్పుడైంది. నవ్వో, పొరమారడమో. చాపని మడత పెట్టి చంకలో పెట్టుకుంది.

"పొద్దున్నే బయల్దేరదాం. నా చీర కుచ్చెళ్ళు తడిశాయంటే నిన్ను సముద్రంలో దింపేసి పడవ నేనే నడుపుకుంటా."

ఆవిడ కట్టింది చీర కాదు లెండి, మా నడుముగుడ్డే. కానీ ఆ బెదిరింపు అలాంటిది, దానికి కుచ్చెళ్ళు ఉండాల్సిందే.

*

ఇంటి ముందు పంది కాలుతోంది. సెమీసీ పంది పక్కన నిలబడి, మమ్మల్ని చూసి, మేనత్త ముందు కూలబడి నేలకేసి చూశాడు. ఆవిడ ఆయన్ని దాటి లోపలికి వెళ్ళింది.

ఫుసిపాల ఇంటి నడిమధ్య, పైవరసలో కూర్చుని ఉంది. డోరీన్ వస్తుందని ఆ పెద్ద చాప పరిచింది. దాచిన చాప. కలోలైని గుమ్మంలో నిలబడగానే ఫుసిపాలకి మొహం కనపడలేదు. కళ్ళు చికిలించింది. అడుగుల చప్పుడుని బట్టి పోల్చుకుంది కాబోలు, చాప మీంచి ఒక్కసారిగా పక్కకి జరిగి, జరిగి, గోడ దాకా జరిగిపోయింది.

ముసలావిడ చాప మధ్యలో కూర్చుంది. అంచు చేత్తో తడిమి చూసింది.

"ఇది నాకు గుర్తుంది," అంది.

ఫుసిపాల తల నేలకి ఆనించింది. "అత్తా..."

"చాప సంగతి తర్వాత. చదువేది?"

"ఏ చదువత్తా?"

"నువ్వు తీసుకున్నది. కింద పెట్టు."

ఫుసిపాల పెట్టె తెరిచి, కుట్లు విప్పేసిన గౌనుని బయటికి తీసింది. రాత్రంతా కూర్చుని చంకల్లో కొత్త గుడ్డ వేసి కుట్టినట్టుంది. చూపు సరిగా లేని చేతి కుట్లు, ఒక్కటీ తిన్నగా లేదు. దాన్ని మడిచి ముసలావిడ కాళ్ళ ముందు పెట్టింది. కూతురి వైపు తిరగలేదు. మెలెనైటే మోకాళ్ళలో మొహం దాచుకుంది.

సేలా భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. వెనక నుంచి చూస్తున్న నాకు తెలిసింది. పోయిన వారం నుంచీ చెవుల దాకా ఉన్న భుజాలవి.

"ఇప్పుడిది నాది," అంది కలోలైని.

"మీదే అత్తయ్యా," అంది సేలా ఏడుస్తూ, నవ్వుతూ.

"లూపే, ఇలా రా."

లూపే మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చింది. ముసలావిడ పిల్ల చెయ్యి పట్టుకుని, పచ్చి దుంపని చూసినట్టు నొక్కి చూసింది.

"బలంగా ఉంది. ఇదీ నాదే. సాయంత్రం పడవలో నాతో వస్తుంది."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. దారిలోనే సగం ఒలికే ఆ బకెట్టు గుర్తొచ్చింది.

"అత్తయ్యా," అంది సేలా, "రేపే ఓడ. బడి తెరుస్తున్నారు..."

"బడి నాకంటే ముసలిదా? అది ఆగగలదు. నేను ఆగలేను. నా మనవడొచ్చేదాకా నీళ్ళు మోస్తుంది, ఆ తర్వాత చదువుకుంటుంది. ఫుసిపాల అడిగితే చదువు ఇచ్చారు. నేనడిగితే పిల్లని ఇవ్వరా?"

"డోరీన్ అమ్మగారు ఆగరు."

"అది ఆవిడ పద్ధతి. ఇది మనది."

సేలా నా వైపు తిరగబోయి ఆగిపోయింది. ఆవిణ్ణి పిలవమంది తనే, తెచ్చింది నేనే. చిన్న మేనత్త మీదకి పెద్ద మేనత్తని తెచ్చుకున్నాం. గోడ దగ్గర ఫుసిపాల తలెత్తింది. సంతోషపడుతుందేమో అనుకున్నాను. లేదు. "అత్తా, పిల్లనొద్దు," అంది మెల్లగా. "కావాలంటే నేనొస్తా నీళ్ళు మోయడానికి."

"నువ్వు తొట్టేదో సముద్రమేదో పోల్చుకోలేవు," అంది ముసలావిడ. కోపంగా కాదు. నిజం చెప్పినట్టు.

బయట సెమీసీ గుమ్మం దాకా వచ్చి, లోపల అక్క ఉందని గుర్తొచ్చి, అక్కడే నిలబడిపోయాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

అప్పుడు లూపే కదిలింది. తల్లి దగ్గరికి వెళ్తుందనుకున్నాను. మోకాళ్ళ మీదే తిరిగి, తలుపు పక్కన కూర్చున్న నా దగ్గరికి వచ్చింది.

"మావయ్యా."

"ఏంటమ్మా?"

"నేను పుట్టిన దగ్గర్నుంచీ నిన్నేమీ అడగలేదు."

"అడగలేదేంటే? నా పెద్ద చేపలన్నీ ఎవరి పొట్టలోకి పోయాయి?"

"అవి నువ్విచ్చావు. నేనడగలేదు. ఇప్పుడడుగుతున్నా."

నా నవ్వు ఆగిపోయింది. అడుగుతున్నా అనే మాట మా దగ్గర చిన్న మాట కాదు. ఫుసిపాలకి సెమీసీ మీద ఎంత హక్కుందో, చెల్లెలి బిడ్డగా లూపేకి నా మీద అంత హక్కుంది. నా పడవ, నా దుంపల తోట, నా ఒంటి మీద చొక్కా, ఏదడిగినా ఆ పిల్లది. ఇన్నాళ్ళూ ఆ సంగతి మేమిద్దరం మర్చిపోయి హాయిగా ఉన్నాం.

"పడవ కావాలా?" అన్నాను. "తీసుకో."

"పడవ కాదు. నువ్వు కావాలి."

నేను జవాబు వెతుక్కునేలోపే తను చాప వైపు తిరిగింది. గొంతు సన్నగా ఉంది గానీ తడబడలేదు.

"మామ్మా, మావయ్య నా సొత్తు. ఆయన్ని మీకిస్తున్నా. నీళ్ళు మోస్తాడు. వంట చేస్తాడు. కథలు చెప్తాడు. అన్నీ అబద్ధాలే, కానీ పొద్దు గడుస్తుంది. నా చదువయ్యేదాకా మీ దగ్గర ఉంచుకోండి. అయ్యాక నేనొచ్చి ఆయన్ని విడిపించుకుంటా. నన్ను మాత్రం రేపు వెళ్ళనివ్వండి."

ఫుసిపాల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కలోలైని నన్ను కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా, తల దగ్గర్నుంచి కాళ్ళ దాకా చూసింది. సంతలో పందిని కూడా అంత సేపు చూడరు.

నాకు ఒక్కసారిగా చాలా కనిపించాయి. ఆ దీవిలో ఆవు. ఆవుకి కథలు చెప్తున్న నేను. ఆదివారం చర్చి నుంచి ఒక్కతే నడుస్తున్న తెలేసియా, చేతిలో బన్నుల బుట్ట. లూపే చదువు ముగిసేసరికి ఆ నడకకి పక్కన ఇంకెవరో.

అప్పుడు మా చెల్లెలు వెనక్కి తిరిగింది.

మొత్తం తిరిగింది. తిన్నగా నా మొహంలోకి చూసింది. మర్యాద లేదు, వీపు లేదు. అవి మా అమ్మ కళ్ళని నాకంతవరకూ తెలీదు. వద్దనమని చూసిందో, ఒప్పుకోమని చూసిందో చెప్పలేను. రెండూ ఉన్నాయి ఆ చూపులో, అందుకే తను చూపు దించలేకపోయింది, నేనూ దించలేకపోయాను.

"ఇచ్చిన పిల్లకి హక్కుంది," అంది కలోలైని నిదానంగా. "పుచ్చుకునే హక్కు నాకుంది. ఇందులో పద్ధతి తప్పిందేమీ లేదు." మోకాలు చేత్తో నొక్కుకుంది. "అయినా ఒరేయ్ మాకా, నువ్వేమంటావు?"

మా దీవుల్లో ఇచ్చేదాన్ని ఎవరూ అడగరు. పందిని అడగరు, చాపని అడగరు. గౌను వేసిన మెలెనైటేని అడగలేదు, గౌను పోగొట్టుకున్న లూపేని అడగలేదు. నన్ను అడిగింది.

వీధిలో పాస్టరుగారి బండి హారను మోగింది. మధ్యాహ్నం కావడానికి ఇంకా పొద్దుంది, డోరీన్ ముందే వచ్చేసింది. కుక్కలు మొరిగాయి. బండి తలుపు పడిన చప్పుడు. ముసలి గొంతొకటి సంతోషంతో పెద్దగా, పలకడం రాక సాగదీస్తూ పిలిచింది.

"లూ...పే!"

గౌను చాప మీద ఉంది, వంకర కుట్లు పైకి కనపడేలా. గుమ్మంలో సెమీసీ ఇంకా ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"లూపే!" అని మళ్ళీ పిలిచింది ఆవిడ, ఈసారి మెట్ల దగ్గర్నుంచి.

లూపే లేవలేదు. మోకాళ్ళ మీదే ఉండి, నా నోటికేసి చూస్తోంది.

ఆ దీవిలో ఆవుకి ముందుగా ఏ కథ చెప్పాలో వెతుక్కుంటూ నేను నోరు తెరిచాను.